గుర్రపుడెక్కకి పట్టాభిషేకం

పందిరిలంక అనే ఊరిని వేళ్ళతో సహా పెకలించాలన్న ఉత్తర్వు మీద సంతకం పెట్టిన డైరెక్టరు విశ్వంభరరావుగారు ఆ ఊరిని ఒక్కసారి కూడా చూడలేదు. అందుకు ఆయన్ని తప్పుపట్టలేం. అంతకు ముందు ఆయనే సంతకం పెట్టిన మరో ఉత్తర్వు వల్ల ఆ ఊరికి వెళ్ళే దారి మూసుకుపోయింది.

అంతా మంత్రిగారి ఒక్క మాటతో మొదలైంది.

పెదమడుగు సరస్సు నిండా గుర్రపుడెక్క. గుర్రపు గిట్టలాంటి ఆకు, దాని కింద గాలి నిండిన బుడిపె, నీళ్ళలో జడలా వేలాడే వేళ్ళు. పూర్వం ఎవరో దొరగారు తన తోటలోని కొలను అందంగా ఉండాలని పరదేశం నుంచి తెప్పించుకున్నాడట. దొరగారు పోయాడు, తోట పోయింది, గుర్రపుడెక్క మాత్రం సరస్సంతా పరుచుకుంది. దాని కింద చేపకి ఊపిరాడదు, దాని మీద పడవ నడవదు. అందుకని ప్రభుత్వం జలకలుపు నిర్మూలన మండలి అని ఒకటి స్థాపించి, ఒక డైరెక్టరునీ, బోలెడంత మంది సిబ్బందినీ, కలుపుని నమిలి గట్టు మీదకి ఉమ్మేసే ఒక పెద్ద యంత్రాన్నీ పంపింది.

ఆ యంత్రాన్ని ప్రారంభించడానికి మంత్రిగారు వచ్చారు. సరిగ్గా ఆ వారమే గుర్రపుడెక్క పూసింది.

గట్టు మీద నిలబడి చూస్తే కనుచూపు మేర లేత ఊదా పూలు. ప్రతి పువ్వులోనూ పై రేక మీద ఒక పసుపు చుక్క. మంత్రిగారు కొబ్బరికాయ ఎత్తిన చేతిని అలాగే ఆపేశారు.

"అబ్బ! ఎంత బాగున్నాయయ్యా! వీటిని పీకడం దేనికి?" అన్నారు.

తర్వాత కొబ్బరికాయ కొట్టారు, భోజనానికి వెళ్ళారు. రొయ్యల వేపుడు వడ్డించే వేళకి ఆ మాట మర్చిపోయారు. విశ్వంభరరావుగారు మర్చిపోలేదు. పైవాళ్ళ నోటి నుంచి రాలిన మాటని కింద పడనివ్వకుండా పట్టుకోవడం వల్లే ఆయన ఇంతవాడయ్యాడు.

సోమవారానికల్లా ఆఫీసు బోర్డు మారిపోయింది. 'జలకలుపు నిర్మూలన మండలి' కాస్తా 'ఊదాసుందరి పరిరక్షణ మండలి' అయింది. గుర్రపుడెక్క అనే పేరు పువ్వు గౌరవానికి భంగకరమని, ఇకపై దాన్ని ఊదాసుందరి అనే వ్యవహరించాలని ఆదేశాలు వెళ్ళాయి. మొక్కని తుంచినా, తొక్కినా, పడవతో ఒరుసుకుపోయినా నేరం. కాపలాకి గార్డులు వచ్చారు. యంత్రానికి ఉన్న పళ్ళన్నీ ఊడదీసి గోదాములో పెట్టారు.

చిక్కు ఒక్కచోటే వచ్చింది. దాన్ని కనిపెట్టినవాడు మండలి న్యాయ సలహాదారు పరాంకుశంగారు.

"సర్, మన చట్టానికి రెండు షెడ్యూళ్ళు. మొదటి దాంట్లో కాపాడాల్సిన జాతులు, రెండో దాంట్లో నిర్మూలించాల్సిన ఆక్రమణ జాతులు. మనం ఊదాసుందరిని రెండోదాంట్లోంచి తీసి మొదటిదాంట్లో పెట్టాం. ఇప్పుడు రెండోది ఖాళీ" అన్నాడు.

"ఉండనివ్వండి."

"ఉండకూడదు సర్. పదకొండో సెక్షను. రెండో షెడ్యూలు ఏ సమయంలోనూ ఖాళీగా ఉండరాదు. ఖాళీగా ఉంటే నిర్మూలన విభాగం రద్దవుతుంది. అది రద్దయితే మండలే రద్దవుతుంది. మండలి రద్దయితే..." అని పరాంకుశంగారు డైరెక్టరుగారి కుర్చీ వైపు చూసి, మిగతా వాక్యాన్ని మర్యాదగా మింగేశాడు.

విశ్వంభరరావుగారికి ఏసీ గదిలో చెమట పట్టింది.

"ఆక్రమణ జాతి అంటే నిర్వచనం ఏమిటి?"

"మూడు లక్షణాలు సర్. బయట నుంచి వచ్చి ఉండాలి. వేగంగా విస్తరించాలి. స్థానిక జాతుల దారికి అడ్డుపడాలి. మూడూ ఉంటే ఆక్రమణ జాతి. అది మొక్కే అయి ఉండాలని మాత్రం చట్టంలో ఎక్కడా లేదు."

అప్పుడే లోపలికొచ్చిన గార్డు ఒకడు సెల్యూట్ కొట్టాడు. "సార్, పందిరిలంక వాళ్ళు మళ్ళీ గొడవ చేస్తున్నారండి. దోవ తీసుకుంటామంటున్నారు."

పందిరిలంక సరస్సు మధ్యలో ఉన్న దిబ్బ. దాని మీద చేపలు పట్టుకునేవాళ్ళ ఇళ్ళు. ఏటా తొలకరి పడగానే ఇంటికో మనిషి చొప్పున ఊరంతా నీళ్ళలోకి దిగి, లంక నుంచి గట్టు దాకా గుర్రపుడెక్కని కోసి పడవలకి దోవ తీస్తారు. అది వాళ్ళ ఊరి కట్టుబాటు. రాని ఇంటి చేపని ఆ ఏడాది ఎవరూ తమ దోనెలో ఎక్కించుకోరు. ఈ ఏడు ఆ పనికి దిగితే గార్డులు కొడవళ్ళు లాక్కున్నారు.

డైరెక్టరుగారు, సలహాదారుగారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఈ పందిరిలంక జనం మొదట్లో ఎన్ని ఇళ్ళు?" అన్నారు డైరెక్టరుగారు.

"నాలుగిళ్ళని విన్నానండి," అన్నాడు గార్డు. "ఇప్పుడు అరవై దాటాయి."

"వేగంగా విస్తరించారు," అన్నాడు పరాంకుశంగారు, కలం మూత తీస్తూ.

*

నోటీసు అంటించడానికి నిర్మూలన అధికారి గుర్నాథం స్వయంగా వెళ్ళాడు. పీకమన్నదాన్ని పీకడం తప్ప ఈ లోకంలో వేరే కోరిక లేని మనిషి. కొన్ని వారాలుగా పని లేక చేతులు పిసుక్కుంటున్నాడు. మండలి సిబ్బంది కోసం మాత్రమే ఉంచిన సన్నటి దారిలో రేకు పడవ మీద లంకకి చేరి, నీటి అంచున ఉన్న మొదటి ఇంటి గుంజకి నోటీసు అంటించాడు. అది నాగేంద్రమ్మ ఇల్లు. ఊళ్ళో పట్టిన చేపలన్నీ దోనెలో గట్టుకి చేర్చి అమ్మేది ఆవిడే. దారి మూసుకుపోయాక ఆవిడ చేపలు బుట్టల్లోనే కుళ్ళిపోతున్నాయి.

"ఏంటండి ఇది?" అంది నాగేంద్రమ్మ.

"నోటీసమ్మా. మీరు ఆక్రమణ జాతి."

"ఏం జాతి?"

"ఆక్రమణ. అంటే బయట నించి వచ్చి పాకేసేదన్నమాట."

"మేం బయట నించి వచ్చామా? మా తాతల నాటి నించి ఇక్కడే వలలేసుకుంటన్నాం."

"తాతలకి ముందు?"

"ముందు సంగతి మాకేం తెలుసండి!"

'మూలం తెలియదు' అని గుర్నాథం శ్రద్ధగా రాసుకున్నాడు.

నాగేంద్రమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. "మరి ఈ గుర్రపుడెక్క ఎక్కణ్ణించి వచ్చిందో?"

"ఆ పేరు అనకూడదు. ఊదాసుందరి. అది స్థానికం. నిపుణుల సంఘం తేల్చింది."

"ఎప్పుడు?"

"మొన్న మంగళవారం."

అరుగు మీద చుట్ట కాలుస్తున్న ముసలాయన ఏడుకొండలు పకపకా నవ్వాడు. నాగేంద్రమ్మకి ఆయన చినమావ. "ఒలే కోడలా, మనం మంగళారానికి ముందే వచ్చాం గదే. ఆ సంగతి చెప్పు బాబుగారికి."

"నువ్వూరుకో మావా. ఇల్లు పీకుతానంటంటే నవ్వుతావేంటి?" అని ఆవిడ గుర్నాథం వైపు తిరిగింది. "మా ఇల్లు పీకి మమ్మల్నెక్కడ పడేత్తారండి?"

"అది నా విభాగం కాదమ్మా. నాది పీకడం వరకే," అన్నాడు గుర్నాథం. అందులో అబద్ధమేమీ లేదు.

*

ఆక్రమణ జాతుల నిర్మూలనకి మండలి చేతిపుస్తకంలో మూడు పద్ధతులున్నాయి. మొక్కల కోసం రాసిన పుస్తకమే అయినా, మార్చమని ఎవరూ చెప్పలేదు కాబట్టి గుర్నాథం మార్చలేదు.

మొదటిది చేతితో ఏరివేత. తుంపకుండా, నలపకుండా, వేళ్ళతో సహా ఎత్తి, గట్టు మీద ఎండబెట్టాలి. సిబ్బంది వచ్చి మొదట ఏడుకొండల్ని మంచంతో సహా ఎత్తారు. ఆయన చుట్ట ఆర్పకుండానే పడవెక్కాడు. గట్టు మీద ఎండలో దింపి చుట్టూ నిలబడ్డారు.

"ఎంతసేపు బాబూ ఇట్టా?" అన్నాడు ఏడుకొండలు.

"పూర్తిగా ఎండేదాకా తాతా. బుక్కులో అట్టా ఉంది."

"నేనెప్పుడో ఎండిపోయాను గదరా. చూడు," అని ముసలాయన డొక్కలు చూపించాడు.

మధ్యాహ్నానికి ఆయన అన్నం అడిగాడు. ఏరిన కలుపుకి అన్నం ఎవరు పెట్టాలో పుస్తకంలో లేదు. సిబ్బంది తమ క్యారియర్లు విప్పాల్సి వచ్చింది. చేపల పులుసులో పులుపు చాల్లేదని ఆయన వంక పెట్టి మరీ తిన్నాడు. సాయంత్రం అదే పడవలో ఆయన్ని తిరిగి లంకలో దించేసి, 'ఏరిన చోటే మళ్ళీ మొలిచినది' అని నివేదిక పంపారు.

రెండో పద్ధతి యంత్రం. ఊదాసుందరికి గీత కూడా పడకూడదు కాబట్టి పళ్ళు లేకుండానే దాన్ని నడిపారు. బోసినోటి యంత్రం ఆవులిస్తూ వచ్చి నాగేంద్రమ్మ ఇంటి మూల గుంజని ఢీకొట్టింది. గుంజ విరిగింది. ఆ మూల కప్పు వాలి నేలని తాకింది. ఇంట్లోంచి చట్టీలు పగిలిన చప్పుడు.

నాగేంద్రమ్మ బయటికి పరిగెత్తుకొచ్చి యంత్రం ఎదురుగా, బురదలో కూర్చుంది.

"రా! నా మీదకి రా! ఇంక ఈ ఇల్లుంటే ఏంటి, నేనుంటే ఏంటి! ఈ గుంజ నా పెనిమిటి పాతాడు. ఆయన్ని ఆ నీళ్ళే మింగేశాయి. ఇది కూడా మీరు మింగండి!"

గుర్నాథానికి ఏం చెయ్యాలో తెలియలేదు. ఎదురు కూర్చునే కలుపు గురించి పుస్తకంలో లేదు. యంత్రాన్ని వెనక్కి తిప్పమన్నాడు. తిరగలేదు. దాని చక్రాలకి గుర్రపుడెక్క వేళ్ళు చుట్టుకున్నాయి. వేళ్ళు కొయ్యడం నేరం. డ్రైవరు దిగి వచ్చేశాడు. నెల తిరక్కుండా యంత్రం పైకప్పు మీదకి కూడా మొక్కలు ఎక్కి పూలు పూశాయి. ఆ ఫొటో మండలి సంచిక ముఖచిత్రంగా వచ్చింది.

మూడోది సహజ శత్రువుని వదలడం. మొక్కలకైతే వాటిని తినే ఒక పురుగు ఉంది. మనుషులకి? గుర్నాథం ఈ విషయం ఫైలు పెట్టి అడిగితే డైరెక్టరుగారు రెండు నిమిషాల్లో తేల్చేశారు.

"పర్యాటకులు," అన్నారు. "ఒక ఊరి మీదకి వాళ్ళని వదిలితే మిగతా పని వాళ్ళే చూసుకుంటారు. ఊదాసుందరి ఉత్సవం పెట్టండి. పందిరిలంకలో ఇళ్ళ మధ్య ఫొటోలు దిగే స్థలాలు కట్టండి. మంత్రిగారిని పిలుద్దాం. ఆ సాయంత్రమే ఊరి వాళ్ళని శాశ్వతంగా గట్టుకి తరలిస్తాం. ముందు వాళ్ళ దోనెలు స్వాధీనం చేసుకోండి. ఉత్సవంలో వాళ్ళు ఎక్కడా అడ్డు కనిపించకూడదు."

దోనెలన్నిటినీ లంక చివర గొలుసులతో కట్టి తాళాలు వేశారు. ఆ రోజు సాయంత్రం గట్టు మీద లారీలు వరసగా నిలబడ్డాయి. ఉత్సవం మర్నాడే.

*

మంత్రిగారి లాంచీ బ్యాండు మేళంతో బయల్దేరింది. అందులో మంత్రిగారు, డైరెక్టరుగారు, పరాంకుశంగారు, మండలి సభ్యులందరూ, ఊదారంగు పట్టుచీరల్లో వాళ్ళ భార్యలు. సన్నటి దారిని ముందురోజే రేకు పడవలతో నెట్టి లాంచీకి సరిపడా వెడల్పు చేశారు. లంక ఇంక కేకేస్తే వినపడేంత దూరంలో ఉందనగా పడమటి గాలి తిరిగింది.

గుర్రపుడెక్కకి గాలి చాలు. సరస్సంతా చాపలా కదిలింది. ముందు దారి మూసుకుంది. డ్రైవరు వెనక్కి తిప్పేలోగా వెనక దారి కూడా మూసుకుంది. లాంచీ ఫ్యానుకి వేళ్ళు చుట్టుకుని ఇంజను గుడగుడలాడి ఆగిపోయింది. బ్యాండు వాళ్ళు కాసేపు వాయించి, ఎవరూ ఆనందించడం లేదని గ్రహించి మానేశారు.

ఎండ నడినెత్తికి వచ్చింది. కూల్‌డ్రింకులు అయిపోయాయి. మంత్రిగారు చొక్కా గుండీలు విప్పుకున్నారు.

"ఏంటయ్యా ఈ దరిద్రం! ఈ కలుపుని పీకకుండా వదిలేసిందెవడు?"

విశ్వంభరరావుగారు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచారు. "సర్... తమరి అభీష్టం మేరకే..."

"నా అభీష్టమా? నేనా? నాకేమన్నా పిచ్చా?"

లంక ఒడ్డున జనం మూగారు. అందరికన్నా ముందు నాగేంద్రమ్మ, వాలిపోయిన ఇంటి పక్కన నిలబడి చూస్తోంది. మంత్రిగారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేకేశారు.

"అమ్మా! కాస్త దోవ తియ్యండమ్మా!"

"తియ్యగూడదండి బాబూ!" నాగేంద్రమ్మ గొంతు నీళ్ళ మీదుగా ఖంగున వచ్చింది. "ఆ మొక్కని మేం ముట్టుకుంటే జైలండి!"

"నేను మంత్రిని! నేను చెబుతున్నా, తియ్యండి!"

"కాయితం మీద ఉండాలంటండి! మొన్న మా కొడవళ్ళు లాక్కునేప్పుడు మీవోళ్ళే చెప్పారు! పైగా మేం మనుషులం గాదంట. ఆక్రమణ జాతంట!"

మంత్రిగారు గిరుక్కున వెనక్కి తిరిగారు. పరాంకుశంగారు ముందుకొచ్చి, పదకొండో సెక్షనుతో సహా మొత్తం వివరించాడు. మంత్రిగారు వింటున్నంతసేపూ ఆయన మెడ మీద నరం ఒకటి లేచి పడుతోంది.

"అంటే ఒక ఊరిని కలుపు కింద రాశారా? ఆ పేరు కొట్టెయ్యండి!"

"కొట్టేస్తే రెండో షెడ్యూలు ఖాళీ అవుతుంది సర్. ఆ క్షణమే మండలి రద్దవుతుంది. రద్దయిన మండలికి మొక్క కొయ్యడానికి అనుమతిచ్చే అధికారం ఉండదు. అప్పుడు మనం ఇక్కడే..."

"అయితే ఈ మొక్కనే మళ్ళీ రెండోదాంట్లో రాసి చావండి!"

"అప్పుడు మొదటిది ఖాళీ అవుతుంది సర్. పన్నెండో సెక్షను."

మంత్రిగారి శ్రీమతి సొమ్మసిల్లి బెంచీ మీద ఒరిగింది. ఎవరో ప్రారంభోత్సవ కరపత్రంతో విసరసాగారు.

ఒడ్డు నుంచి నాగేంద్రమ్మ మళ్ళీ కేకేసింది. "బాబూ! మాకు రెండే రెండండి! ఆ కాయితంలోంచి మా ఊరు తియ్యండి! మాకు ఏటేటా దోవ తీసుకునే హక్కివ్వండి! సంతకం చేసి మైకులో చదివితే మేం నీళ్ళలోకి దిగుతాం! లేదంటే మీరూ మాలాగే అక్కడే ఉండి చూడండి, ఎట్టా ఉంటదో!"

"తెలివి చూశారా సర్, బెదిరిస్తోంది," అన్నారు విశ్వంభరరావుగారు.

మంత్రిగారు ఆయన వైపు చూశారు. చాలాసేపు చూశారు. అప్పటి దాకా ఆ మనిషిని ఆయన ఎప్పుడూ అంత పరీక్షగా చూడలేదు.

"పరాంకుశంగారూ, ఆ మూడు లక్షణాలు మళ్ళీ చెప్పండి."

"బయట నుంచి వచ్చి ఉండాలి సర్."

"విశ్వంభరరావుగారూ, మీ మండలి ఇక్కడికి ఎక్కణ్ణించి వచ్చింది?"

"రాజధాని నుంచి సర్," అన్నారు ఆయన గర్వంగా.

"వేగంగా విస్తరించాలి," అన్నాడు పరాంకుశంగారు. ఆయనకి విషయం అర్థమైంది.

"పోయినేడాది మీరు ఒక గదిలో ఉండేవారు. ఇప్పుడు?"

"మూడంతస్తులు సర్. పక్కన అనుబంధ భవనం కూడా..."

"మూడోది నేనే చెబుతా," అన్నారు మంత్రిగారు. "దారికి అడ్డుపడాలి. చుట్టూ చూసుకోండి. కలమివ్వండి."

మండలి సభ్యులందరూ అక్కడే ఉన్నారు. అధ్యక్షుడు మంత్రిగారే. తీర్మానం లాంచీలోనే అయింది. రెండో షెడ్యూల్లో పందిరిలంక కొట్టివేత. ఆ స్థానంలో 'ఊదాసుందరి పరిరక్షణ మండలి' చేర్పు. సభ్యులు వరసగా సంతకాలు పెట్టారు. విశ్వంభరరావుగారు కూడా పెట్టారు. పైవాళ్ళు పెట్టమన్న చోట పెట్టకుండా ఉండడం ఆయనకి చేతకాదు.

మంత్రిగారు బ్యాండు వాళ్ళ మైకు లాక్కుని చదివారు. దోవ తీసుకునే హక్కు కూడా చదివారు. గార్డులు దోనెల తాళాలు తీసి, లాక్కున్న కొడవళ్ళు తిరిగిచ్చారు. ఇంటికో మనిషి నీళ్ళలోకి దిగారు. గెడలకి కొడవళ్ళు కట్టి, చాపని ముక్కలుగా కోసి, గాలి వాటున పక్కకి తోసేస్తూ లాంచీ దాకా వచ్చారు. ఏడుకొండలు దోనెలో కూర్చుని అందరికీ పని చెబుతున్నాడు. ఆయన మాట ఎవరూ వినడం లేదు.

*

ఉత్తర్వు గుర్నాథం బల్ల మీదకి వచ్చింది. చదివాడు. తన ఆఫీసునే పీకాలి. ఎందుకని ఎవర్నీ అడగలేదు. పందిరిలంక అనుభవంతో మొదటి రెండు పద్ధతులూ వదిలేసి నేరుగా మూడోదానికి వెళ్ళాడు. ఆఫీసుకి సహజ శత్రువు ఎవరా అని ఆలోచించి, రేకు పడవెక్కి లంకకి వచ్చాడు.

"అమ్మా, కనిపెట్టాను," అన్నాడు. "పనుండి వచ్చే జనం."

"అంటే మేమేనా?"

"మీరే. రోజూ రండి. మీ పనేదో అడుగుతూ కూర్చోండి. చాలు."

ఊరంతా వంతులేసుకుని వెళ్ళింది. ఆఫీసు తలుపులు తీసేసరికి వరండా నిండా జనం. ఎవరూ అరవలేదు, తిట్టలేదు. "అయ్యా, మా పనేమైందండి?" అని మాత్రం అడిగారు. ప్రతి బల్ల ముందూ అడిగారు. అలాంటి ప్రశ్న ఆ భవనంలో ఎవరూ విని ఉండలేదు. ముందు అనుబంధ భవనం సెలవు పెట్టింది. తర్వాత మూడో అంతస్తు అనారోగ్యం పాలైంది. రెండో అంతస్తు బదిలీలు చేయించుకుంది.

నాగేంద్రమ్మ రోజూ డైరెక్టరుగారి గదిలోనే కూర్చునేది.

"మీ యంత్రం విరగ్గొట్టిన మా గుంజ ఎప్పుడు నిలబెడతారండి?"

"దానికి సమయం పడుతుందమ్మా."

"పరవాలేదండి. కూర్చుంటాను."

ఒక ఉదయం ఆవిడ వెళ్ళేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. విశ్వంభరరావుగారికి ఎగువ జిల్లాలో ఇంకా పెద్ద ఉద్యోగం వచ్చింది. అక్కడ కూడా ఒక చెరువుందట, తేటగా ఉంటుందట. వెళ్తూ వెళ్తూ ఆయన కారు డిక్కీలో ఒక బకెట్టు పెట్టించుకున్నారని డ్రైవరు చెప్పాడు. బకెట్టులో జ్ఞాపకార్థం రెండు ఊదా పూల మొక్కలు.

భవనం మొత్తంలో గుర్నాథం ఒక్కడే మిగిలాడు. నాగేంద్రమ్మ ఆయన బల్ల ముందు కూర్చుంది.

"బాబూ, మా గుంజ?"

గుర్నాథం తలుపులకి తాళం వేసి, తాళంచెవి గుమ్మం మీద పెట్టి, ఆవిడ వెంట దోనెలో లంకకి వచ్చాడు. ఏడుకొండలు గొయ్యి తవ్వాడు. నాగేంద్రమ్మ వాలిన కప్పుని భుజంతో ఎత్తి పట్టుకుంది. గుర్నాథం కొత్త గుంజని గోతిలోకి దింపి, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. గుంజ పక్కకి వాలుతోంది.

"అట్టా కాదండి, నిటారుగా! పాతడం కొత్తా బాబూ మీకు?" అంది నాగేంద్రమ్మ.

"ఉద్యోగంలో చేరాక ఇదే మొదలమ్మా," అన్నాడు గుర్నాథం.